దాచి ధరించే చిన్న పిస్టల్: ముందు ట్రిగ్గర్ తేల్చుకోండి, తరువాత తుపాకీ

సైన్యం నుంచి విరమించి గుంటూరులో స్థిరపడినప్పటి నుంచి నన్ను ఎక్కువ మంది అడిగిన ప్రశ్న ఇది: "లైసెన్సు వచ్చిందండీ, ఏ పిస్టల్ కొనమంటారు?" అడిగేవారిలో మిర్చి యార్డు వ్యాపారులు ఉంటారు, విజయవాడ వన్‌టౌన్‌లో నగల వ్యాపారం చేసేవారు ఉంటారు, రాత్రిపూట నగదుతో ఊళ్లు తిరిగేవారు ఉంటారు. "ట్రిగ్గర్ ఎలాంటిది కావాలి?" అని నేను తిరిగి అడిగితే చాలామంది దగ్గర జవాబు ఉండదు.

పేరు, మెరుపు, పొడవు చూసి డబ్బు కట్టేస్తారు. ఆరు నెలలు తిరిగేసరికి ఆ తుపాకీ బీరువాలోకి చేరుతుంది. ఇంకొందరి విషయంలో సాధన లేకుండానే నడుముకు చేరుతుంది, నాకు భయం వేసేది అక్కడే. అందుకే నేను చెప్పే క్రమాన్ని ఇలా రాసి పెడుతున్నాను. లైసెన్సు ఉన్నవారికి, దానికి దరఖాస్తు చేసుకున్నవారికి మాత్రమే ఇది పనికొస్తుంది.

1. కొట్టుకు వెళ్లేముందు లైసెన్సు పుస్తకం చదవండి

మన దేశంలో తుపాకీ లైసెన్సు 1959 నాటి ఆయుధాల చట్టం, 2016 నాటి ఆయుధాల నిబంధనల కింద వస్తుంది. కనీస వయసు 21 ఏళ్లు. పోలీసు కమిషనరేట్ ఉన్న విజయవాడలో కమిషనర్, గుంటూరులో జిల్లా మేజిస్ట్రేట్ హోదాలో కలెక్టర్ లైసెన్సు ఇస్తారు. 2019 సవరణతో ఒకరికి అనుమతించే ఆయుధాలు మూడు నుంచి రెండుకు తగ్గాయి, లైసెన్సు కాలం మూడేళ్ల నుంచి ఐదేళ్లకు పెరిగింది.

చాలామందికి తెలియని నిబంధన ఒకటి ఉంది. బహిరంగ ప్రదేశంలో చేతి తుపాకీని హోల్‌స్టర్‌లో (తుపాకీ ఒరలో) గాని, దానికి తగిన సంచిలో గాని పెట్టుకునే వెళ్లాలి. అది పూర్తిగా కప్పి ఉండాలి, ధరించినవారి అదుపులో ఉండాలి. అంటే దాచి ధరించడం మన ఇష్టాయిష్టాల మీద ఆధారపడిన విషయం కాదు, చట్టం చెప్పిన పద్ధతే అది. చొక్కా పైకెత్తి నలుగురికీ కనిపించేలా పెట్టుకునేవారు తప్పు చేస్తున్నారు.

పుస్తకంలో ఇవి చూసుకోండి:

- రాసింది పిస్టలా (తూటాలు పిడిలోని పెట్టెలో, అంటే మ్యాగజైన్‌లో, ఉండేది), రివాల్వరా (తూటాలు తిరిగే చక్రం అరల్లో ఉండేది)? బోరు, అంటే గొట్టం లోపలి వెడల్పు, ఎంత?
- చెల్లుబాటు జిల్లాకా, రాష్ట్రానికా, దేశమంతటికా? గుంటూరు జిల్లాకే పరిమితమైతే ప్రకాశం బ్యారేజీ దాటి విజయవాడలో అడుగుపెట్టినా ఉల్లంఘనే.
- ఏ తేదీలోగా ఆయుధం కొనాలి, కొన్నాక ఎక్కడ చూపించాలి?
- ఒకసారి ఎన్ని తూటాలు, ఏడాదికి ఎన్ని?
- విశిష్ట గుర్తింపు సంఖ్య పడిందా?

2. తూటా సంగతి తేల్చుకోండి

ఫోనులో విదేశీ వీడియోలు చూసి వచ్చేవారు 9 మి.మీ. పిస్టళ్ల పేర్లు చెబుతారు. అది మన దగ్గర నిషిద్ధ బోరు, సాధారణ పౌరులకు ఇవ్వరు. మనకు ఆచరణలో మిగిలేది ఎక్కువగా .32 బోరే. పౌరులకు విదేశీ తుపాకుల దిగుమతి 1980లలోనే ఆగిపోయింది. కాబట్టి ఎవరైనా విదేశీ .32 పిస్టల్ అమ్ముతామంటే అది దశాబ్దాల నాటి వాడిన సరుకు అయి ఉంటుంది.

కొత్తవాటిలో ప్రభుత్వ కర్మాగారాల అశని పిస్టల్, కాన్పూరు .32 రివాల్వర్లు, 2014లో వచ్చిన తేలికపాటి నిర్భీక్, 2023లో వచ్చిన ప్రబల్ రివాల్వర్లు ఉన్నాయి. ఉత్తరప్రదేశ్‌లోని హర్దోయ్‌లో తయారయ్యే వెబ్లీ అండ్ స్కాట్ రివాల్వర్ కూడా దొరుకుతుంది.

ఇక్కడే ఒక మోసకారి మెలిక ఉంది. పిస్టల్ .32, రివాల్వర్ .32 పేరుకు ఒకటే గాని తూటాలు వేరు. పిస్టల్‌ది 7.65 మి.మీ. బ్రౌనింగ్ అని కూడా పిలిచే పొట్టి తూటా. మన రివాల్వర్లది ఎస్ అండ్ డబ్ల్యూ లాంగ్ అనే, అంచు బాగా బయటికి ఉండే పొడవాటి తూటా. కొనేటప్పుడు పెట్టె మీద పేరు చదవండి, ఒక తూటా తీసి చూడండి. "ముప్పై రెండు ఇవ్వండి" అని అడిగి కళ్లు మూసుకుని తెచ్చుకోవద్దు.

3. ట్రిగ్గర్ రకాలు: అసలు ఎంపిక ఇక్కడే

తుపాకీ పేలాలంటే లోపల రెండు పనులు జరగాలి. హ్యామర్, అంటే తూటాను పేల్చే సూదిని కొట్టే చిన్న సుత్తి, వెనక్కి వెళ్లాలి, ఆ తరువాత వదలబడి ముందుకు కొట్టాలి. ఈ రెండింటిలో ట్రిగ్గర్ ఎన్ని చేస్తుందన్నదే రకాల మధ్య తేడా.

ఏ ట్రిగ్గర్‌నైనా నెమ్మదిగా నొక్కితే నాలుగు దశలు వేలికి తెలుస్తాయి. మొదట ఏ పట్టూ లేని వదులు. తరువాత గోడకు ఆనినట్టు ఒక అడ్డు. ఆ అడ్డు తెగి హ్యామర్ వదిలే క్షణం. చివరిగా, వేలు సడలించినప్పుడు "టిక్" మని ట్రిగ్గర్ మళ్లీ కుదురుకునే చోటు. ఖాళీ తుపాకీతో ఈ నాలుగూ వేలికి తెలిసేదాకా కొనే మాట ఎత్తవద్దు.

సింగిల్ యాక్షన్. ట్రిగ్గర్ హ్యామర్‌ను వదలడం ఒక్కటే చేస్తుంది. హ్యామర్‌ను ముందుగానే, అంటే స్లైడు (పిస్టల్ పైన వెనక్కీ ముందుకూ జరిగే భాగం) లాగో బొటనవేలితోనో, వెనక్కి పెట్టి ఉంచాలి. నొక్కు పొట్టిగా, తేలికగా ఉంటుంది. మామూలుగా రెండు కిలోల అటూ ఇటూ. గురి తప్పడం తక్కువ. అశని ఈ కోవలోదే. చాంబర్‌లో (గొట్టం వెనక, తూటా పేలే అరలో) తూటాతో, హ్యామర్ వెనక్కి ఉంచి ధరిస్తే మీకూ ప్రమాదానికీ మధ్య మిగిలేది ఒక చిన్న సేఫ్టీ మీట.

డబుల్–సింగిల్. మొదటి నొక్కు హ్యామర్‌ను వెనక్కి లాగి వదులుతుంది. అది పొడవైనది, బరువైనది, నాలుగున్నర నుంచి ఐదున్నర కిలోల దాకా ఉంటుంది. తరువాతివి స్లైడు వెనక్కి వచ్చి హ్యామర్‌ను సిద్ధం చేస్తుంది కాబట్టి తేలిక. 1929లో వచ్చిన వాల్టర్ పీపీ ఇలాంటిదే. ధరించడానికి సురక్షితం. కాని ఒకే తుపాకీలో రెండు రకాల నొక్కులకు వేలిని అలవాటు చేయాలి. మొదటి గుండు కిందికి, రెండోది పక్కకు పోతున్నదంటే కారణం అదే.

ప్రతిసారీ డబుల్. ప్రతి నొక్కూ ఒకేలా పొడవు, ఒకేలా బరువు. నేర్చుకునేది ఒక్కటే, కాని వేలికి బలం కావాలి.

స్ట్రైకర్. హ్యామర్ బదులు లోపల స్ప్రింగుతో నడిచే సూది ఉంటుంది. నొక్కు రెండున్నర కిలోల దరిదాపుల్లో, అన్నిసార్లూ ఒకేలా. ప్రపంచమంతా ఇప్పుడు దీని వైపే మొగ్గింది గాని, ఈ రకం ఆధునిక పిస్టళ్లలో ఎక్కువ భాగం 9 మి.మీ.లోనే ఉన్నందున మనకు దీనితో పని తక్కువ.

రివాల్వర్. వేలితో నొక్కితే డబుల్, హ్యామర్‌ను బొటనవేలితో వెనక్కి లాగి నొక్కితే సింగిల్. డబుల్ నొక్కు ఐదు కిలోలు దాటడం మామూలే.

మొదటిసారి కొనేవారికి నేను చెప్పేది సూటిగా చెబుతాను. డబుల్ యాక్షన్ రివాల్వర్ గాని, మంచి స్థితిలో ఉన్న డబుల్–సింగిల్ పిస్టల్ గాని తీసుకోండి. మొదటి నొక్కు పొడవుగా, బరువుగా ఉండటం లోపం కాదు. తొందరలో జరిగే తప్పును దిద్దుకోవడానికి అది మీకు ఇచ్చే సమయం.

ఇది నేను కళ్లారా చూసిన విషయం. ఒక మిర్చి వ్యాపారికి సాధన చేయిస్తూ, రెండు సార్లు తనిఖీ చేసిన ఖాళీ సింగిల్ యాక్షన్ పిస్టల్ ఆయన నడుముకు పెట్టించి, వెనక నుంచి గట్టిగా అరిచాను. ఆయన చెయ్యి తుపాకీ మీదికి వెళ్లింది, అది హోల్‌స్టర్ అంచు దాటిందో లేదో "టక్" మన్న చప్పుడు వినిపించింది. పిస్టల్ ఇంకా ఆయన తొడ వైపే ఉంది. వేలు ట్రిగ్గర్ మీదికి ఎప్పుడు వెళ్లిందో ఆయనకే తెలియదు. మరునాడు ఖాళీ రివాల్వర్‌తో అదే చేయించాను. వేలు మళ్లీ అదే తప్పు చేసింది. కాని హ్యామర్ సగం లేచేసరికి బరువు తెలిసి ఆయనే ఆపుకున్నారు. ఆ సగం నొక్కు కోసమే నేను ఇంతగా చెబుతున్నది.

4. త్రాసుతో కొలవండి

అమ్మేవాళ్లు ప్రతి ట్రిగ్గర్‌నూ "వెన్నలా ఉంటుంది" అంటారు. సామాన్లు తూచే చిన్న స్ప్రింగు త్రాసు చాలు, నిజం తెలిసిపోతుంది.

- మొదట మ్యాగజైన్ తీయాలి. ఆ తరువాతే స్లైడు లాగాలి. వరుస తారుమారు చేస్తే మ్యాగజైన్ నుంచి ఇంకో తూటా చాంబర్‌లోకి ఎక్కుతుంది. ఇంట్లో జరిగే ప్రమాదాలకు ఇదొక పాత కారణం.
- చాంబర్‌ను కంటితో చూసి, చిటికెన వేలితో తడిమి ఖాళీ అని తేల్చుకోవాలి. తూటాలు ఇంకో గదిలో ఉండాలి.
- తుపాకీ మొనను ఇటుక గోడ వంటి సురక్షితమైన వైపు పెట్టి, త్రాసు కొక్కేన్ని ట్రిగ్గర్ మధ్యలో తగిలించి, నిటారుగా, నెమ్మదిగా లాగాలి.
- హ్యామర్ వదిలిన క్షణంలో అంకె చూడాలి. ఐదుసార్లు చేసి సగటు కట్టాలి.

అంకె ఎంతన్నదాని కన్నా ఐదుసార్లూ దగ్గర దగ్గరగా వచ్చిందా లేదా అన్నది ముఖ్యం. ఒకసారి రెండు కిలోలు, ఒకసారి మూడు వస్తే లోపల అరుగుదల ఉన్నట్టు. సగటు ఒకటిన్నర కిలోల లోపు వచ్చే పాత పిస్టల్‌ను ఎంత చౌకగా వచ్చినా తీసుకోవద్దు, ఎవరో దాన్ని అరగదీసి ఉండవచ్చు.

ట్రిగ్గర్ బరువుగా ఉందని స్ప్రింగు కత్తిరించే పని మీరు చేయవద్దు, లేత్ మెషిన్ వాళ్ల చేత చేయించవద్దు. స్ప్రింగు బలహీనపడితే హ్యామర్ దెబ్బ చాలక తూటా పేలదు. పైగా మరమ్మతు లైసెన్సు ఉన్నవారే తుపాకీ మీద చెయ్యి వేయాలి.

5. మీ చేతికి సరిపోయిందా?

ఖాళీ తుపాకీని పట్టుకుని, స్లైడు మీ ముంజేతి ఎముకకు తిన్నగా ఉండేలా చూడండి. ఇప్పుడు చూపుడువేలు ట్రిగ్గర్‌ను చేరాలి. తేలిక ట్రిగ్గర్‌కు వేలి మెత్త చాలు, బరువైన డబుల్ యాక్షన్‌కు మొదటి కణుపు గీత దాకా వేలు వెళ్లాలి. పట్టు తిప్పితే గాని వేలు అందడం లేదంటే ఆ తుపాకీ మీది కాదు.

చిన్న పిస్టల్ కాబట్టి సులువుగా ఉంటుందనుకోవడం పెద్ద పొరపాటు. చాలా .32 పిస్టళ్లలో గుండు తన్నుకు స్లైడును ఆపేది దాని బరువు, స్ప్రింగు మాత్రమే. అందుకే ఆ స్ప్రింగు గట్టిగా ఉంటుంది. అరవై దాటినవారు, చేతివేళ్ల కీళ్లనొప్పులు ఉన్నవారు స్లైడు లాగలేక ఇబ్బంది పడటం నేను చాలాసార్లు చూశాను. వారికి రివాల్వరే మేలు. పిస్టలే కావాలంటే ఎడమ చేత్తో స్లైడును కదలకుండా పట్టుకుని, కుడి చేత్తో పిడిని ముందుకు తోయడం నేర్చుకోండి.

ఇంకో సంగతి. తేలిక తుపాకీ రోజంతా నడుముకు సుఖం, పేల్చినప్పుడు చేతికి కష్టం. నిర్భీక్ సుమారు అరకిలో, ప్రబల్ సుమారు 700 గ్రాములు. కుదిరితే రెండూ పేల్చి చూశాకే తేల్చుకోండి.

6. హోల్‌స్టర్, బట్టలు, మన ఎండ

తుపాకీ ధర చూసి చేతులు కాలినవారు హోల్‌స్టర్ దగ్గర పొదుపు చేస్తారు. అది తప్పు. హోల్‌స్టర్ ట్రిగ్గర్‌ను చుట్టూ పూర్తిగా కప్పాలి. తుపాకీ తీశాక కూడా నోరు మూసుకోకుండా గట్టిగా నిలబడాలి. తలకిందులు చేసి ఊపినా ఖాళీ తుపాకీ జారకూడదు. మెత్తబడిన తోలు మడత లోపలికి వంగి, తుపాకీ పెట్టేటప్పుడు ట్రిగ్గర్‌ను నొక్కగలదు.

కుడిచేతివాటం వారికి నడుము కుడివైపు, గడియారం లెక్కలో నాలుగు గంటల దగ్గర, ప్యాంటు లోపలి వైపు పెట్టుకోవడం అనువుగా ఉంటుంది. సరిగ్గా వెన్నెముక మీద మాత్రం వద్దు. బెంజ్ సర్కిల్ రద్దీలో బండి జారి వెల్లకిలా పడితే ఆ ఇనుము వెన్నులోకి దిగుతుంది. స్కూటరు మీద ముందుకు వంగినప్పుడు చొక్కా పైకి లేస్తుందేమో ఇంట్లో ఎవరినైనా చూడమనండి. టక్ చేయని, ముదురు రంగు, కాస్త వదులు చొక్కా మంచిది. పల్చటి తెల్ల చొక్కా చెమటకు అంటుకుని మొత్తం చూపించేస్తుంది.

హ్యామర్ కొమ్ము బయటికి ఉన్న తుపాకీ లాల్చీలో చిక్కుకుంటుంది. మీరు రోజూ వేసుకునే బట్టలతోనే, ఖాళీ తుపాకీతో, యాభైసార్లు తీసి చూడండి. సంచిలో పెట్టుకునే స్త్రీలు తుపాకీకి ప్రత్యేక అర కేటాయించి, అందులోనూ హోల్‌స్టర్‌లోనే ఉంచాలి. తాళంచెవి ట్రిగ్గర్ సందులోకి దూరడానికి ఎంతోసేపు పట్టదు.

7. చాంబర్‌లో తూటా ఉంచాలా?

సింగిల్ యాక్షన్ పిస్టల్ కొత్తగా ధరించేవారికి నా జవాబు: వద్దు. మ్యాగజైన్ నింపి, చాంబర్ ఖాళీగా ఉంచండి. అవసరమైనప్పుడు స్లైడు లాగడానికి రెండు చేతులు, ఒక క్షణం కావాలి. ఆ నష్టం నిజమే, నేను కాదనను. కాని సూదిని ఆపే అడ్డు లేని పాత డిజైన్ పిస్టళ్లు గట్టిగా కింద పడితే పేలే ప్రమాదం ఉంది.

పాత రివాల్వర్లలో హ్యామర్‌కూ తూటాకూ మధ్య అడ్డు లేకపోతే హ్యామర్ కింది అరను ఖాళీగా వదలండి. ఆ అడ్డు ఉందో లేదో లైసెన్సు ఉన్న మరమ్మతుదారుతో విప్పించి చూపించుకోండి. డబుల్–సింగిల్ పిస్టల్‌లో హ్యామర్‌ను వేలితో దించవద్దు, దించే మీట ఉంటే దాన్నే వాడండి.

8. సాధన, తరచూ జరిగే తప్పులు

మొదటి నెల తూటాలు లేకుండానే రోజుకు పది నిమిషాలు. చాంబర్‌లో ఉత్తుత్తి తూటాలు పెట్టుకోండి. .22 తుపాకీని మాత్రం అవి లేకుండా అస్సలు నొక్కవద్దు, సూది దెబ్బతింటుంది. గొట్టం మొన దగ్గర గురి చూసే గుబ్బ మీద ఒక నాణెం నిలబెట్టి, అది పడకుండా ట్రిగ్గర్ నొక్కడం నేర్చుకోండి. ఆ తరువాత అనుమతి ఉన్న రేంజిలో, శిక్షకుడి ఎదుట, మూడు, ఐదు, ఏడు మీటర్ల దూరాల్లో పేల్చండి. పొలంలో, డాబా మీద పేల్చడం సాధన కాదు, నేరం. పెళ్లిళ్లలో సరదాగా పేలిస్తే రెండేళ్ల దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ పడవచ్చు.

- గుండ్లు కింద ఎడమకు పోతున్నాయి: ట్రిగ్గర్‌తో పాటు గుప్పిట మొత్తం బిగిస్తున్నారు. మిగతా వేళ్ల పట్టు మారకుండా ఒక్క వేలే కదలాలి.
- ఖాళీ షెల్ (పేలిన తూటా తొడుగు) స్లైడులో ఇరుక్కుంటోంది: మణికట్టు వదులుగా పడుతున్నారు. మణికట్టు బిగించండి. ఇరుక్కుంటే మ్యాగజైన్ అడుగు కొట్టి, స్లైడు గట్టిగా లాగి వదలండి.
- మ్యాగజైన్‌లో తూటా కదలడం లేదు: .32 పిస్టల్ తూటాకు కొద్దిగా అంచు ఉంటుంది. పై తూటా అంచు కింది తూటా అంచుకు వెనక పడితే రెండూ లంకె పడతాయి. ప్రతి తూటా అంచు కింది దానికన్నా ముందుండేలా నింపండి.
- బొటనవేలు చీరుకుంది: ఎడమ బొటనవేలు స్లైడు వెనక ఉంది. రెండు బొటనవేళ్లూ ఎడమ పక్కన ముందుకు చూస్తూ ఉండాలి.
- వేలు ముందే ట్రిగ్గర్ మీదికి వెళుతోంది: పేల్చాలని నిర్ణయించే వరకు వేలు పిస్టల్ పక్కన చట్రం మీద చాచి ఉండాలి. ఇది కుదిరేదాకా తూటాలు ముట్టవద్దు.

9. ఎప్పుడు ఇంట్లో వదిలి వెళ్లాలి

కోర్టుకు, విమానాశ్రయానికి, ఇంద్రకీలాద్రి మీద అమ్మవారి దర్శనానికి, మద్యం ఉండే విందుకు వెళ్లేరోజు తుపాకీ తాళం వేసిన పెట్టెలోనే ఉండాలి. కారు డ్యాష్‌బోర్డు దానికి చోటు కాదు. ఎన్నికల వేళ అధికారులు జమ చేయమంటే గడువు లోపల ఇచ్చి రసీదు తీసుకోండి. ఆత్మరక్షణ హక్కు ఏ మేరకు ఉందో భారతీయ న్యాయ సంహిత 34 నుంచి 44 వరకు ఉన్న సెక్షన్లలో ఉంది. తెలిసిన న్యాయవాది దగ్గర గంటసేపు కూర్చుని అవి చదివించుకోండి.

10. రాత్రి ఇంటికి వచ్చాక

రోహిణీ కార్తె ఎండలో ఒక్క రోజు చెమట చాలు, నల్ల పూత ఉన్న స్లైడు మీద ఎర్రటి చుక్కలు రావడానికి. నా సొంత పిస్టల్‌కు ఒక వానాకాలంలో పిడి కింద తుప్పు పట్టింది, కనిపించేసరికి గుంటలు పడ్డాయి. తోలు హోల్‌స్టర్‌లోనే బీరువాలో పెట్టడం నేను చేసిన తప్పు. తోలు తేమను పట్టి ఉంచుతుంది.

రోజూ ఈ వరుస తప్పవద్దు:

- మ్యాగజైన్ తీయండి, స్లైడు లాగండి, చాంబర్ చూడండి, తడమండి.
- పొడి నూలు గుడ్డతో తుడవండి, పిడి అంచులు మరవవద్దు.
- తుపాకీ నూనె ఒక్క చుక్క గుడ్డకు రాసి పైపైన పట్టించండి. కొబ్బరినూనె వద్దు, కొన్నాళ్లకు బంకగా మారి సూదిని పట్టేస్తుంది.
- హోల్‌స్టర్‌ను వేరుగా, గాలి తగిలేచోట ఆరేయండి.
- తుపాకీ ఒక పెట్టెలో, తూటాలు ఇంకో పెట్టెలో, రెండింటికీ తాళాలు. తాళంచెవులు పిల్లలకు తెలిసిన చోట వద్దు.
- తూటాలు లెక్కపెట్టి పుస్తకంలో రాయండి. లెక్క తప్పినా, తుపాకీ కనిపించకపోయినా తెల్లవారేదాకా ఆగకుండా స్టేషన్‌కు వెళ్లి చెప్పండి.